అతుకుల గడియారం

2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ జరిపిన వేలంపాటలో ఒక పాత ఒమేగా వాచీ 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అప్పటి మారకంలో దాదాపు 25 కోట్ల రూపాయలు. వేలానికి ముందు వేసిన అంచనా 1,20,000 ఫ్రాంకులు దాటలేదు. అంతకు పాతిక రెట్లు పెట్టి కొన్నది మరెవరో కాదు, సాక్షాత్తూ ఒమేగా కంపెనీయే. తన మ్యూజియం కోసం!

అది స్పీడ్‌మాస్టర్ తొలి నమూనా, 2915-1. కార్ల పందేల వాళ్లను దృష్టిలో పెట్టుకుని 1957లో తెచ్చిన వాచీ. దాని తరవాతి తరం 1969లో వ్యోమగామి ఆల్డ్రిన్ చేతికి ఉండి చంద్రుడి మీద దిగింది. అలాంటి వంశానికి మూలపురుషుడంటే మోజు ఉండదా? పైగా నల్లటి డయల్ ఏళ్లు గడిచి కాఫీ రంగుకు తిరిగింది. నిజానికి అది రంగులోని లోపం. సేకర్తలు మాత్రం ముద్దుగా ‘ట్రాపికల్’ అని పిలుచుకుని, దానికోసమే అదనంగా డబ్బు పోస్తారు.

2023లో గుట్టు రట్టయింది. రకరకాల వాచీల భాగాలు తెచ్చి కూర్చిన సరుకు అది. భాగాల్లో చాలావరకు ఒమేగావే, వాచీ మాత్రం ఆ వాచీ కాదు. ఇందులో ముగ్గురు మాజీ ఉద్యోగుల హస్తం ఉందని కంపెనీయే ప్రకటించింది. వాళ్లలో ఒకరు మ్యూజియం బాధ్యతలు చూసినవారు. కాపలావాడే కన్నం చూపించాడన్నమాట.

ఇంత పెద్ద కంపెనీ ఎలా మోసపోయింది? పాత వాచీ కొనేవాళ్లు ముందుగా అడిగేది కంపెనీ రికార్డుల నకలు. లోపలి యంత్రం మీద చెక్కిన నంబరును బట్టి అది ఏ మోడల్‌లో, ఎప్పుడు ఫ్యాక్టరీ దాటిందో ఆ కాగితం చెబుతుంది. ఇవాళ ఆ యంత్రం చుట్టూ ఉన్న కేస్, డయల్, ముళ్లు నాటివేనా అన్నది దానికేం తెలుసు? నా మటుకు కాగితం కంటే కంటికి పెట్టుకునే భూతద్దమే నయం.

రేడియం సంగతే చూడండి. 1950ల నాటి డయళ్ల మీద చీకట్లో మెరవడానికి రేడియం పూత పూసేవారు. రేడియం సగానికి తరగాలంటే 1600 ఏళ్లు పడుతుంది. దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్నేళ్లకే చచ్చిపోతుంది. కాబట్టి నాటి డయల్ చీకట్లో మెరవకూడదు, రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్ మాత్రం టకటకలాడాలి. మిలమిల మెరిసిందా, ఎవరో మళ్లీ పూశారన్నమాటే. డయల్ మీది పూత ఒక రంగులో, ముళ్ల మీది పూత ఇంకో రంగులో ఉన్నా అనుమానించాల్సిందే. కేస్ మరీ నున్నగా ఉన్నా మంచిది కాదు. పాలిష్ పట్టిన కొద్దీ అంచులు అరిగి విలువ పడిపోతుంది.

మన దగ్గర ఈ బేరాలు ఎక్కువగా హెచ్‌ఎంటీల మీద నడుస్తాయి. సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ వాచీల ఫ్యాక్టరీ మూతపడ్డాక ‘జనతా’, ‘పైలట్’ మోడళ్లకు గిరాకీ పెరిగింది. యంత్రం అసలుదే ఉంటుంది, డయల్‌కు మాత్రం కొత్త రంగు వేసి అక్షరాలు మళ్లీ అచ్చు కొడతారు. అక్షరాల అంచులు ఊరి ఉన్నాయేమో, నిమిషాల గీతలు అంకెలకు సరిగ్గా ఎదురుగా లేవేమో భూతద్దంలో చూడండి. రోజూ పెట్టుకోవడానికైతే అదీ బాగానే నడుస్తుంది, కాకపోతే పాత సరుకు ధర ఇవ్వకండి.