మలయ్ సమాజం: ఇస్లాం, ఆధునికీకరణలపై పాశ్చాత్య పండితుల దృష్టి

మలయ్ ముస్లింల గురించిన తొలి ఆంగ్ల రచనల్లో చాలావరకు వలస అధికారులవే. 1874 నాటి పంగ్‌కోర్ ఒప్పందం మలయ్ రాజ్యమైన పెరాక్‌లో మతం, ఆచారం మినహా పాలనంతటికీ బ్రిటిష్ రెసిడెంటు సలహాను తప్పనిసరి చేసింది. రెసిడెంటుగా పనిచేసిన ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ మలయ్‌లను పనికి విముఖులుగా చిత్రించాడు. మరో వలస అధికారి రిచర్డ్ విన్‌స్టెడ్ 1925 నాటి గ్రంథంలో వారి మంత్రవిద్యను ఆదిమ, శైవ, సూఫీ పొరలుగా విడదీశాడు. పాండిత్యం గట్టిదే, కానీ ఆ పద్ధతిలో ఇస్లాం పైపూతగా మిగిలిపోయే ప్రమాదముంది.

సోమరితనపు ముద్రను మలేషియా సామాజికవేత్త సయ్యద్ హుసేన్ అలతాస్ 1977లో సూటిగా ఖండించాడు. సొంత పొలం, చేపలవేట ఉన్న మలయ్ రైతు తోటల్లో, గనుల్లో కూలికి రాకపోవడమే వలస పెట్టుబడికి సోమరితనంగా కనిపించిందని ఆయన వాదన.

ఇస్లాం మార్పుకు అడ్డు అన్న అభిప్రాయాన్ని చరిత్రకారుడు విలియం రాఫ్ 1967 నాటి పరిశోధన సడలించింది. 1906లో సింగపూర్‌లో మొదలైన ‘అల్ ఇమామ్’ పత్రిక, ‘కౌమ్ ముడా’ (యువవర్గం) అనే మత సంస్కర్తలు విద్యను, హేతుబుద్ధిని మతం పేరిటే కోరారని ఆయన చూపాడు. 1970ల తర్వాత విశ్వవిద్యాలయాల్లో చదివిన నగర యువతే మతప్రబోధానికి ముందుండటం, చదువు పెరిగితే మతం తగ్గుతుందన్న సిద్ధాంతాన్ని మరింత ఇరుకున పెట్టింది.