లైసెన్సుకు ముందు రోడ్డు నడవడి

లైసెన్సు వయసు రాకముందే పిల్లలకు రోడ్డు మీద ఓర్పు, బాధ్యత అలవరచాలి. గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి పల్లెల్లో చాలామంది తొలిసారి బండి పట్టేది పొలం డొంకలోనే. అక్కడ చేయి తిరిగిందని 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కనివ్వడం పెద్దల తప్పు. బండి తోలడం వేరు, ఎదుటి బండి వేగాన్ని అంచనా కట్టడం వేరు. మిర్చి కాలంలో గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. వెనక దీపం లేని ట్రక్కు చీకట్లో దగ్గరికొచ్చేదాకా కనపడదు. కూలీల ఆటో ఎక్కడైనా ఆగవచ్చు. ఎడం పాటించడం, తొందరపడి దాటకపోవడం ఇక్కడి పిల్లలకు మొదటి పాఠం కావాలి.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కనీస వయసు 18 ఏళ్లు. 16 నిండితే 50 సీసీ మించని, గేర్లు లేని బండికే అనుమతి. ఇళ్లలోని 110 సీసీ స్కూటర్లు అందులోకి రావు. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకున్న 30 రోజుల తర్వాతే పరీక్ష. అయితే నడవడి ఆ నెలలో వచ్చేది కాదు, నాన్న వెనక కూర్చున్న ఏళ్లలో వస్తుంది. హెల్మెట్‌ను అద్దానికి తగిలించుకుని నడిపే తండ్రి మాట పిల్లలకు ఎక్కదు.

అదే చట్టంలో 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షన్ కింద, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు.