ప్రేక్షకుడే శాశ్వత సభ్యుడు: అమెరికా డ్రమ్ కోర్ సంస్కృతిలో అభిమాని స్థానం

ఉపోద్ఘాతం

డ్రమ్ కోర్ అమెరికాలో పుట్టి పెరిగిన కళారూపం. ఇత్తడి వాద్యాలు ఊదేవాళ్ళు, డ్రమ్ములు వాయించేవాళ్ళు, జెండాలు తిప్పే కలర్ గార్డ్ కలిసి పెద్ద జట్లలో నూటయాభై మందికి పైగా యువతీయువకులు ఉంటారు. ఫుట్‌బాల్ మైదానమే వాళ్ళ రంగస్థలం. పది పన్నెండు నిమిషాల పాటు వాయిస్తూ, నడుస్తూ, పరుగెడుతూ ఒక ఆకృతిలోంచి ఇంకొక ఆకృతిలోకి కరిగిపోతుంటారు. క్లారినెట్, ఫ్లూట్, శాక్సోఫోన్లకు ఇందులో చోటు లేదు. వేసవంతా ఊరూరా తిరిగి పోటీపడతారు. ఆగస్టులో ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో ఫైనల్స్ అయిపోగానే ఆ ఏటి ప్రదర్శనకు మంగళం పాడేస్తారు. మరుసటి ఏడు సంగీతం కొత్తది, నడక కొత్తది, మనుషుల్లోనూ చాలామంది కొత్తవాళ్ళు.

తెలుగువాళ్ళకు బ్యాండంటే పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళం. ఆ ట్రంపెట్టూ సైడ్ డ్రమ్మూ బ్రిటిష్ సైనిక బ్యాండుల వారసత్వం. డ్రమ్ కోర్‌కూ సైన్యమే పుట్టిల్లు. అయితే అది ఊరేగింపును దాటి, జనం కూర్చుని చూసి, విని, వాదించుకునే కళగా ఎదిగింది. ఆ జనమే ఈ వ్యాస విషయం.

పరిశోధకుణ్ణి కాకముందే నేను ఈ కళకు అభిమానిని. ఆ అభిమానాన్ని దాచకుండానే ఒక ప్రతిపాదన చేస్తున్నాను. వయోపరిమితి వల్ల వాయించేవాళ్ళు ఇరవై రెండో యేటికల్లా వెళ్ళిపోతారు. వాయించిన ప్రదర్శన ఆగస్టుతో అంతమవుతుంది. ఇలాంటి కళలో దశాబ్దాల తరబడి నిలిచి ఉండేది ప్రధానంగా ప్రేక్షకుడే. కాబట్టి అతని ఇష్టాయిష్టాలు ఈ కళాచరిత్రలో భాగం, అతని బాధ్యత కూడా అందులో భాగమే. ఈ పరిశీలనకు భరతుడి నాట్యశాస్త్రంలోని ఇరవై ఏడో అధ్యాయం, సిద్ధివ్యంజకం, నాకు దారి చూపింది.

చారిత్రక నేపథ్యం

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. 1919లో ఏర్పడిన అమెరికన్ లీజియన్, దానితోపాటు వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ శాఖలు కుర్రాళ్ళకు బ్యూగిళ్ళు, డ్రమ్ములు ఇచ్చి కవాతు నేర్పించాయి. చర్చిలు, స్కౌట్ దళాలు వాటికి తోడయ్యాయి. న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌లో ఒక కాథలిక్ చర్చి నీడన 1934లో కెడెట్స్ జట్టు పుట్టింది. షికాగోలో ఒక స్కౌట్ దళంలోంచి 1948లో కావలియర్స్ వచ్చింది. పోటీలు నడిపేదీ, నియమాలు రాసేదీ మాజీ సైనికుల సంఘాలే.

ఈ పెత్తనాన్ని శిక్షకులు ప్రశ్నించారు. కావలియర్స్‌కు చెందిన డాన్ వారెన్, వయోమింగ్‌లోని ట్రూపర్స్‌ను నడిపిన జిమ్ జోన్స్, కాలిఫోర్నియాలో శాంటా క్లారా వాన్‌గార్డ్‌ను తీర్చిదిద్దిన గెయిల్ రాయర్ వంటివారు ముందుండగా 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ ఏర్పడింది. మరుసటి ఏడు విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగిన మొదటి చాంపియన్‌షిప్‌ను అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. నియమాలు మార్చే అధికారం కళాకారుల చేతికి వచ్చింది. కవాతు నాటకానికి దగ్గరైంది.

తప్పుల లెక్క, సిద్ధి లెక్క

అప్పట్లో మార్కుల పద్ధతిని ‘టిక్’ అనేవారు. న్యాయనిర్ణేతలు మైదానంలోకి దిగి వరుసల మధ్య తిరుగుతూ, తప్పిన అడుగుకో జారిన దెబ్బకో పదో వంతు మార్కు చొప్పున కోసేవారు. 1984 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు నూరు మార్కుల్లో 40 మొత్తం ప్రభావానికి, 30 దృశ్యానికి, 30 సంగీతానికి.

భరతుడు ఈ రెండు లెక్కల్నీ ఎరుగును. నటుల మధ్య పోటీ వచ్చినప్పుడు ప్రాశ్నికులు, అంటే న్యాయనిర్ణేతలు, కూర్చోవాలనీ, సిద్ధులనూ (సఫలతలనూ) ఘాతాలనూ (లోపాలనూ) రాసిపెట్టాలనీ, గెలిచినవారికి పతాక ఇవ్వాలనీ సిద్ధివ్యంజకాధ్యాయం చెబుతుంది. టిక్ పద్ధతి ఘాతాలను మాత్రమే లెక్కపెట్టింది. సిద్ధిని భరతుడు వెతికింది ప్రేక్షకుడి దగ్గర. చిరునవ్వు, పెద్ద నవ్వు, సాధు అనడం, అహో అనడం, హోరెత్తడం మాటలతో తెలిసే సిద్ధి. పులకింత, ఆసనం మీంచి లేచి నిలబడటం శరీరంతో తెలిసే సిద్ధి. నిండిన ప్రేక్షాగృహంలో చప్పుడూ కలకలమూ లేకపోతే అది దైవికం. డ్రమ్ కోర్ స్టేడియంలో ఒక రాత్రి కూర్చున్నవాళ్ళకు ఈ పట్టికలో ఏదీ కొత్తగా అనిపించదు.

వివాదమల్లా మార్కుల పట్టికకూ ఈ పట్టికకూ పొత్తు కుదరనప్పుడే. 2008లో ఫాంటమ్ రెజిమెంట్ జట్టు తన ‘స్పార్టకస్’తో 98.125 మార్కులు తెచ్చుకుని, 98.100 దగ్గర ఆగిన బ్లూ డెవిల్స్‌ను దాటింది. తేడా మార్కులో నలభయ్యో వంతు. న్యాయనిర్ణేతల కాగితం మీద ఆ రెండు ప్రదర్శనలూ దాదాపు సమానం. అభిమానుల నోట మాత్రం ఆ ఏడాదికి స్పార్టకస్ ఏడాదనే పేరు.

మైదానం మీద పని

అభిమాని దేనికి లేచి నిలబడతాడో తెలియాలంటే పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలి. ప్రతి సభ్యుడి దగ్గరా ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది, తాడుతో కట్టి భుజానికి వేలాడుతుంటుంది. అందులో ప్రదర్శనలోని ప్రతి ఆకృతికీ తాను నిలబడాల్సిన చోటు, అంటే తన ‘డాట్’, రాసి ఉంటుంది: ఫలానా గజాల గీతకు ఇన్ని అడుగులు ఎడంగా, ఫలానా అడ్డగీతకు ఇన్ని అడుగులు వెనక. కొలమానం ఐదు గజాలకు ఎనిమిది అడుగులు, అంటే ఒక్కో అడుగూ ఇరవై రెండున్నర అంగుళాలు. ఎండలో రోజంతా చేసే సాధనలో ఎక్కువ భాగం ఒక డాట్ నుంచి ఇంకో డాట్‌కు, పెదవుల మీద మౌత్‌పీస్ కదలకుండా, చేరుకోవడమే.

ధ్వని తెచ్చే చిక్కు ఇంకా లోతైనది. మైదానం వెడల్పు 160 అడుగులు. వెనక గీత మీద కొట్టిన దెబ్బ ముందు గీతకు చేరడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంలో అది దాదాపు సగం దెబ్బ. కాబట్టి ముందున్నవాళ్ళు కంటికి కనిపించే తాళాన్ని కాక వెనక నుంచి వచ్చే డ్రమ్ముల శబ్దాన్ని పట్టుకుని వాయిస్తారు. అప్పుడే గ్యాలరీలో కూర్చున్నవాళ్ళ చెవికి అంతా ఒక్కటిగా అందుతుంది. కూర్పు మొత్తం ప్రేక్షకుడి చెవిని కేంద్రంగా పెట్టుకుని జరుగుతుందన్నమాట.

‘కంపెనీ ఫ్రంట్’ వచ్చినప్పుడు జనం ఎందుకు లేస్తారో ఇప్పుడు చెప్పవచ్చు. అప్పటిదాకా చెల్లాచెదురుగా తిరిగినవాళ్ళు మైదానం పొడుగునా ఒకే సరళరేఖగా ఏర్పడి, వాద్యాల నోళ్ళన్నీ గ్యాలరీ వైపు తిప్పి, ఊదుతూ ముందుకు వస్తారు. కంటికి అందే క్రమమూ చెవికి తాకే ధ్వనీ ఒకే క్షణంలో పరాకాష్ఠకు చేరతాయి. 1983 నుంచి 1985 దాకా వరుసగా మూడేళ్ళు గెలిచిన గార్‌ఫీల్డ్ కెడెట్స్‌కు నడక కూర్చిన జార్జ్ జింగాలి వేగమైన వంపులు, అసమాన ఆకృతులు తెచ్చి ఈ క్రమానికి కొత్త ఉత్కంఠ ఇచ్చాడు.

స్టేడియం బయట పార్కింగ్ స్థలంలో ఇంకో సభ జరుగుతుంది. అభిమానులు దాన్ని ‘లాట్’ అంటారు. ప్రదర్శనకు ముందు డ్రమ్‌లైన్ అక్కడ వేళ్ళు సవరించుకుంటుంటే జనం అర్ధచంద్రాకారంలో నిలబడి వింటారు. స్నేర్ డ్రమ్ములకు కెవ్లార్ పొర వచ్చాక దాన్ని బల్లలా బిగించే వీలు కలిగింది, దాంతో ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. పక్కపక్కనున్న పుల్లలు వెంట్రుకవాసి తేడాతో పడినా అక్కడివాళ్ళ చెవికి దొరికిపోతుంది. ప్రాశ్నికుడికి ఉండాల్సిన శిక్షణ అభిమానికి ఇక్కడే అబ్బుతుంది.

మార్పు మీద తగవు

ఈ కళలో ప్రతి మార్పూ పోట్లాటతోనే వచ్చింది. మొదట జి శ్రుతి బ్యూగిళ్ళు మాత్రమే ఉండేవి. వాటికి ఒకటీ రెండూ మీటలు, 1990లో మూడో మీట వచ్చాయి. 2000 నుంచి ఏ శ్రుతిలోని ఇత్తడి వాద్యమైనా వాడుకోవచ్చు. 2004లో మైకులు, 2009లో సింథసైజర్లు వచ్చాయి. 2010ల నడుమ సైనిక టోపీలు, బొత్తాల కోట్లు పోయి నాటక వేషధారణ పెరిగింది. జి బ్యూగిల్ కరకుదనం గుండెకు తగిలేదని పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు. స్పీకర్లలోంచి వచ్చే మంద్రధ్వని పిల్లల ఊపిరితో పుట్టే ధ్వనిని మింగేస్తోందన్న వాళ్ళ ఫిర్యాదులో నిజం ఉందని నేనూ నమ్ముతాను. కానీ మైకు రావడం వల్లే మారింబా వాయించేవాళ్ళు గట్టిగా బాదక్కర్లేకుండా నాజూకుగా వాయించగలుగుతున్నారు. రెండూ నిజాలే.

అభిమాని అభిరుచి ఎలా పెరుగుతుందో చెప్పడానికి 1993 కంటే మంచి ఉదాహరణ లేదు. బ్లూమింగ్టన్ నుంచి 1985లో పోటీల్లోకి వచ్చిన స్టార్ ఆఫ్ ఇండియానా జట్టు 1991లో చాంపియన్ అయింది. రెండేళ్ళ తర్వాత స్వరకర్తలు బార్బర్ (‘మీడియా’), బార్టోక్‌ల సంగీతంతో ఒక కఠినమైన ప్రదర్శన తెచ్చింది. చప్పట్ల కోసం ఆగని సంగీతం, నర్తకుల్లా వంగే శరీరాలు చూసి చాలామంది ప్రేక్షకులు ముఖం తిప్పుకున్నారు. ఆ జట్టు రెండో స్థానంలో నిలిచి పోటీల నుంచి తప్పుకుంది. ఆ బృందం నడిచిన దారిలోనే ‘బ్లాస్ట్’ అనే రంగస్థల ప్రదర్శన రూపొంది, 1999లో లండన్‌కు, 2001లో బ్రాడ్‌వేకు చేరి టోనీ అవార్డు అందుకుంది. ఇవాళ అభిమానుల సంభాషణలో 1993 నాటి ఆ ప్రదర్శనకు శిఖరస్థానం. ప్రదర్శనలో అక్షరం మారలేదు. మారింది ప్రేక్షకుడు. రికార్డింగులు పదేపదే విని, తర్వాతి జట్లలో దాని ప్రభావాన్ని గుర్తుపట్టి, తన పాత తీర్పును తానే కొట్టేశాడు. మార్కుల కాగితానికి అలాంటి పునర్విచారణ ఉండదు. తగవులాడే అభిమానులను ఈ కళకు భారంగా చూడటం తప్పని నేననేది అందుకే. ఆ తగవులోనే జ్ఞాపకం సాన తేలుతుంది.

మరో సంప్రదాయం

నల్లజాతి విశ్వవిద్యాలయాల మార్చింగ్ బ్యాండులది వేరే లోకం. విలియం ఫోస్టర్ 1946లో చేతపట్టి పెంచిన ఫ్లోరిడా ఏ అండ్ ఎం ‘మార్చింగ్ 100’ మోకాళ్ళు ఎత్తి వేసే అడుగుకు, నాట్యానికి పేరుపొంది, 1989లో ఫ్రెంచి విప్లవ ద్విశతాబ్ది ఊరేగింపు కోసం పారిస్ వెళ్ళింది. టెన్నెసీ స్టేట్ బ్యాండు 2023లో గ్రామీ గెలిచింది. సదరన్, జాక్సన్ స్టేట్ వంటి బ్యాండులు ఎదురెదురు గ్యాలరీల్లో కూర్చుని, ఫుట్‌బాల్ ఆట నాలుగు క్వార్టర్లూ ముగిశాక కూడా పాటకు పాట జవాబిచ్చుకుంటాయి. ఆ ‘ఐదో క్వార్టర్’లో మార్కుల కాగితం లేదు, ఎవరు గెలిచారో జనం కేకే చెబుతుంది. రేడియోలో ఆ వారం మోగిన పాట శనివారానికి అక్కడ ఇత్తడిలో వినిపించాలి. డ్రమ్ కోర్ ఒకే ప్రదర్శనను వేసవంతా చెక్కుతుంది. ఈ బ్యాండులు అప్పటికప్పుడు జనంతో మాట్లాడతాయి. ఒకదాని కొలతతో ఇంకొకదాన్ని తూచడం అన్యాయం. రెండింటిలోనూ కొలత చివరికి ప్రేక్షకుడి దగ్గరే ఉంది.

అభిమాని బాధ్యత

డ్రమ్ కోర్ సభ్యులకు జీతం లేదు. వాళ్ళే వేల డాలర్లు ఫీజు కట్టి చేరతారు. రాత్రి బస్సు ప్రయాణం, పగలు బడి జిమ్నాజియం నేల మీద నిద్ర, మళ్ళీ సాధన. వాళ్ళ వెంట నడిచే వంటలారీలో స్వచ్ఛంద కార్యకర్తలు రోజుకు నాలుగు పూటలు వండిపెడతారు. మన ఆనందం ఇంతమంది శ్రమ మీద నిలబడి ఉంది.

ఆ శ్రమ అణకువను కోరుతుంది. అణకువ చాటున హింస పెరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంది. 2011లో ఫ్లోరిడా ఏ అండ్ ఎంలో ఒక డ్రమ్ మేజర్ ర్యాగింగ్ దెబ్బలకు ప్రాణం కోల్పోయాడు. ఆ మహా బ్యాండును సస్పెండ్ చేశారు. కెడెట్స్ సంస్థలో 2018లో పలువురు స్త్రీలు చేసిన లైంగిక వేధింపుల ఆరోపణలతో అధినేత తప్పుకోవాల్సి వచ్చింది. 1934లో మొదలైన ఆ సంస్థ, పాత లైంగిక దాడి ఆరోపణపై నడుస్తున్న దావా భారం మధ్య, 2024లో మూతపడింది. మెరూన్ కోటు చూడగానే కళ్ళు చెమర్చే తరాల అభిమానులకు అది పుట్టెడు దుఃఖం. అయినా, ఇష్టమైన జట్టు పేరు చెడుతుందన్న బెంగతో బాధితుల మాట వినకపోవడం అభిమానం అనిపించుకోదు. శాశ్వత సభ్యుడికి చివరి బాధ్యత పిల్లల భద్రతే.

ముగింపు

ఈ చర్చ ఇక తెలుగువాళ్ళకు దూరపు సంగతి కాదు. డల్లాస్ శివార్లలాంటి చోట్ల స్కూలు మార్చింగ్ బ్యాండుల్లో తెలుగింటి పిల్లలు వాయిస్తున్నారు. తల్లిదండ్రులు శుక్రవారం రాత్రుళ్ళు గ్యాలరీల్లో కూర్చుంటున్నారు, మైదానం పక్కన మంచినీళ్ళు అందిస్తున్నారు. ఆ తల్లిదండ్రులు మార్కులు మాత్రమే చూసుకునే ప్రేక్షకులుగా ఆగిపోనవసరం లేదు.

డ్రమ్ కోర్ మీద జరిగే పరిశోధన మార్కుల పట్టికలతో, విజేతల జాబితాలతో సరిపెట్టుకోకూడదని ఈ వ్యాసం నిర్ధారిస్తోంది. ఏ క్షణాన జనం లేచారు, ఏ ప్రదర్శనను ముందు తోసిపుచ్చి తర్వాత నెత్తిన పెట్టుకున్నారు, ఏ అన్యాయం ముందు మౌనంగా ఉన్నారు, ఎప్పుడు నోరు విప్పారు అన్నవి కూడా ఈ కళాచరిత్రకు మూలాధారాలే. పాతతరం అభిమానుల జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా భద్రపరచడం తక్షణ అవసరం. ఘాతాలను లెక్కించడానికి ప్రాశ్నికులు ఎప్పుడూ దొరుకుతారు. సిద్ధికి సాక్ష్యం చెప్పగలిగేది, దాన్ని తరువాతి తరానికి అందించగలిగేది ప్రేక్షకుడే.