జూబ్లీ హిల్స్‌లో వైద్య వ్యయం: సినీ కార్మికుడు, ఆరోగ్య రక్షణ – చారిత్రక పరిశీలన

ప్రభుత్వ వైద్యమా, ప్రైవేటు వైద్యమా అన్న చర్చ సాధారణంగా ఆసుపత్రుల చుట్టూ సాగుతుంది. జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల చరిత్రను పరిశీలిస్తే అంతకన్నా మౌలికమైన ప్రశ్న ఎదురవుతుంది: రోగి ఖర్చును ఎవరు, ఏ గుర్తింపును చూసి భరిస్తారు?

చెల్లించే శక్తి లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని 1946లో భోర్ కమిటీ పేర్కొంది. హైదరాబాదులో ఆ బాధ్యతను ప్రధానంగా ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు వహించాయి. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం యజమాని, కార్మికుడు కలిసి చెల్లించే చందా ఆధారంగా మరో మార్గాన్ని ఏర్పరచింది. 1988లో జూబ్లీ హిల్స్‌లో అపోలో ఆసుపత్రి ప్రారంభం కావడంతో నగరంలో కార్పొరేట్ వైద్యం వేళ్లూనుకుంది.

తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి ఈ ప్రాంతానికి క్రమంగా తరలివచ్చిన కాలమూ ఇంచుమించు అదే. అయితే లైట్‌మ్యాన్, సెట్ వడ్రంగి, జూనియర్ ఆర్టిస్టు వంటివారికి స్థిరమైన యజమాని ఉండడు. సినిమా ముగియగానే నిర్మాత మారతాడు. అందువల్ల ఇ.ఎస్.ఐ. నమూనా వారి జీవనానికి పూర్తిగా ఒదగలేదు. ఈ లోటును గుర్తించిన పార్లమెంటు 1981లో సినిమాలపై సుంకం విధించి సినీ కార్మికుల సంక్షేమ నిధిని ఏర్పాటు చేసింది. అది సహాయ నిధే తప్ప సమగ్ర బీమా కాదు.

శస్త్రచికిత్స ఖర్చు భరించలేని పేదలు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకునేవారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ ఈ స్థితిని మార్చింది. తెల్ల రేషన్ కార్డు గల కుటుంబానికి ఏటా 2 లక్షల రూపాయల వరకు, నిర్దేశిత చికిత్సలకు, ప్రైవేటు ఆసుపత్రులలో సైతం ప్రభుత్వమే చెల్లించసాగింది. విన్నపం స్థానంలో అర్హత వచ్చింది. ప్రభుత్వ రక్షణ, ప్రైవేటు వైద్యం పరస్పర విరుద్ధాలన్న భావన కూడా దీనితో సడలింది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ పరిమితి 10 లక్షలకు పెరిగింది.

అర్హతకూ ఒక గీత ఉంది. రాష్ట్రావిర్భావం తరువాత తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు పట్టణ కుటుంబ వార్షికాదాయ పరిమితిని 2 లక్షలుగా నిర్ణయించారు. షూటింగులు పుష్కలంగా ఉన్న ఏడాది ఆ గీత దాటిన కార్మికుడు, పని లేని మరుసటి ఏడాది జబ్బుపడవచ్చు. అతని చేతిలోని యూనియన్ కార్డు ఉపాధికి గుర్తింపే గాని ఆసుపత్రి బిల్లుకు హామీ కాదు. పైగా పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరవలసిన చికిత్సలకే పరిమితం. మధుమేహం, రక్తపోటుకు నెలనెలా కొనే మందుల ఖర్చు కుటుంబంపైనే పడుతుంది.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశ మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంతంగా చెల్లించే వాటా 2013–14లో 64.2 శాతం, 2021–22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదల గణనీయమైనదే. అయినా భోర్ కమిటీ చూపిన కొలమానం రోగి అవసరం. తరువాతి పథకాలు ఎంచుకున్నవి ఉద్యోగం, పేదరికం. ఈ రెండింటి నడుమ జీవించే సినీ కార్మికుడి అనుభవం ఆ అంతరాన్ని స్పష్టం చేస్తుంది.