లెక్కకు అందే గాయం, అందని దెబ్బ: అమెరికా బాలల టాకిల్ ఫుట్‌బాల్‌పై ఒక పరిశీలన

ఆగస్టు వచ్చిందంటే అమెరికా బడుల మైదానాలు హెల్మెట్లతో, భుజాల ప్యాడ్లతో నిండిపోతాయి. హైస్కూలు స్థాయిలోనే ఏటా దాదాపు 10 లక్షల మంది అబ్బాయిలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతారు. అంతకన్నా చిన్నవాళ్లకు 1929లో ఫిలడెల్ఫియాలో మొదలైన పాప్ వార్నర్ వంటి లీగులు ఉన్నాయి. అక్కడ ఐదేళ్లవాడు కూడా ప్యాడ్లు కట్టుకుని బరిలోకి దిగవచ్చు. బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి పట్టి నేలకూల్చడమే టాకిల్. ఈ ఆటకు ప్రాణం అదే, గాయాలకు మూలమూ అదే. డాలస్ శివార్లలో స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్లలు చదివే హైస్కూళ్లలో శుక్రవారం రాత్రి మ్యాచ్ అంటే ఊరుమ్మడి పండుగ. కాబట్టి ఈ చర్చ మనవాళ్లకు మరీ దూరపుదేమీ కాదు.

ఈ పిల్లల గాయాల మీద పోగుపడిన అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. గాయాలను లెక్కపెడితే చిన్నపిల్లలు క్షేమంగా ఉన్నట్టు కనిపిస్తారు. తలకు తగిలే దెబ్బలను లెక్కపెడితే అలా కనిపించరు. నష్టం నిజంగా తగ్గిన సందర్భాలను వెదికినా, ఢీకొట్టడంలో నేర్పు పెంచిన చోట కన్నా ఢీకొనే సందర్భాలనే తగ్గించిన చోట గట్టి ఆధారం దొరుకుతుంది. ఈ వ్యాసంలో నా వాదన ఇదే.

హారం సంగతి

క్రీడా గాయాల పరిశోధనలో లవం కన్నా హారమే కీలకం. ఒక ఆటగాడు ఒక ప్రాక్టీస్‌లోనో ఒక మ్యాచ్‌లోనో పాల్గొంటే దాన్ని ఒక హాజరుగా తీసుకుని, వెయ్యి హాజర్లకు ఎన్ని గాయాలో చూస్తారు. 2005-06 విద్యా సంవత్సరంలో మొదలైన 'హైస్కూల్ రియో' జాతీయ గణన తొలి ఏడాది ఫలితాల ప్రకారం మ్యాచ్‌లలో వెయ్యి హాజర్లకు సుమారు 12 గాయాలు, ప్రాక్టీస్‌లో సుమారు రెండున్నర. ఈ రెండు అంకెలు చూసి మ్యాచే ప్రమాదకరమని, ప్రాక్టీస్‌తో భయం లేదని అనుకునేవాళ్లు చాలామంది. వారానికి ఐదు ప్రాక్టీసులు, ఒక మ్యాచ్ ఉన్న జట్టును ఊహించుకుని గుణించి చూడండి. రెండు పక్కలా గాయాలు ఇంచుమించు సమానమవుతాయి. పైగా మ్యాచ్‌లో కొందరు బెంచీకే పరిమితమవుతారు, ప్రాక్టీస్‌లో అందరూ దిగుతారు.

గాయపడేది ఎక్కువగా కాళ్లే, ముఖ్యంగా మోకాలు, చీలమండ. లిగమెంట్ బెణుకులు, కండరాలు పట్టేయడాలు, కమిలిన గాయాలు మామూలు. బంతితో దూసుకుపోయే ఎత్తుల్లో గాయాలు ఎక్కువ, వాటి తీవ్రత కూడా ఎక్కువ. బంతి మోసే రన్నింగ్ బ్యాక్, అతణ్ణి ఆపడానికి ఎదురు వచ్చే లైన్‌బ్యాకర్ ముందు వరుసలో నష్టపోయేవాళ్లు. ఆట తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

వయసు దగ్గరికి వచ్చేసరికి చిత్రం మారుతుంది. మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లో మేయో క్లినిక్ వైద్యులు 1997 సీజన్‌లో 9 నుంచి 13 ఏళ్ల ఆటగాళ్లు 915 మందిని గమనించారు. మ్యాచ్‌లలో తేలిన గాయాలు 55. అందులో సగానికి పైగా కమిలినవే. ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం గానీ, శస్త్రచికిత్స గానీ ఎవరికీ పడలేదు. నాలుగో తరగతి పిల్లలతో పోలిస్తే ఎనిమిదో తరగతి వాళ్లకు గాయమయ్యే అవకాశం దాదాపు నాలుగు రెట్లు. బరువు, వేగం పెరిగేకొద్దీ ఢీ బలం పెరుగుతుంది కదా. చిన్నపిల్లలు ఒకరి మీద ఒకరు పడినా పెద్దగా ఏమీ కాదన్న నమ్మకానికి ఈ అధ్యయనం చాలాకాలం ఆసరా అయింది.

అదే అధ్యయనంలో తక్కువగా చర్చకొచ్చిన ఒక వివరం ఉంది. సీజన్ మొత్తానికి ఆటకు దూరం చేసిన గాయాలు నాలుగు. నాలుగూ చీలమండ దగ్గర గ్రోత్ ప్లేట్‌ను తాకిన ఎముక విరుగుళ్లే. ఎదిగే పిల్లల పొడవాటి ఎముకల చివరల ఉండే మృదులాస్థి పొర ఇది. ఎముక పొడవు పెరిగేది ఇక్కడి నుంచే. చుట్టూ ఉన్న లిగమెంట్ కన్నా ఇదే బలహీనం. కాబట్టి పాదం నేలకు బిగుసుకుని ఉండగా పక్కనుంచి బరువు మీద పడితే, పెద్దవాడికి బెణుకుతో సరిపోయేది పదమూడేళ్లవాడికి గ్రోత్ ప్లేట్ దగ్గర విరుగుతుంది. సరిగ్గా అతకకపోతే ఆ కాలు పొట్టిదైపోవచ్చు, వంకర తిరగవచ్చు. పైకి బెణుకులా కనిపించే వాపును ఎక్స్‌రే తీయకుండా వదిలేయకూడదని పిల్లల ఎముకల వైద్యులు పట్టుబట్టేది ఇందుకే.

దీనికి తోడు ఒకే తరగతిలో చదివే ఇద్దరు పదమూడేళ్ల అబ్బాయిల్లో ఒకడికి గొంతు మారి మీసకట్టు వచ్చి ఉంటుంది, రెండోవాడు ఇంకా పసివాడిలానే ఉంటాడు. పాప్ వార్నర్ వయసుతో పాటు బరువునూ చూసి విభాగాలు చేసే పద్ధతి ఈ తేడా కోసమే వచ్చింది. హైస్కూలు జట్టులో ఆ కంచె ఉండదు.

తలకు తగిలేది

కంకషన్ అంటే తలకో ఒంటికో తగిలిన అదురుకు మెదడు పనితీరు కొంతకాలం గాడి తప్పడం. స్పృహ తప్పాలనే నియమం లేదు. తలనొప్పి, మగత, వెలుతురు భరించలేకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం దీని లక్షణాలు. 8 నుంచి 12 ఏళ్ల ఆటగాళ్ల మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో కంకషన్ రేటు ప్రాక్టీస్‌లో వెయ్యి హాజర్లకు 0.24, మ్యాచ్‌లో 6.16. అంటే సుమారు 26 రెట్లు. 11, 12 ఏళ్లవాళ్లలో రేటు 8 నుంచి 10 ఏళ్లవాళ్ల కన్నా రెండింతలకు పైనే.

ఈ అంకెల పక్కన వర్జీనియా టెక్ ఇంజినీర్ల కొలతలు పెడితే ఒక చిక్కు ఎదురవుతుంది. స్టీఫన్ డూమా బృందం 7, 8 ఏళ్ల పిల్లలు ఏడుగురి హెల్మెట్లలో సెన్సర్లు అమర్చి ఒక సీజన్ అంతా లెక్కపెట్టి, 2012లో ఫలితాలు ప్రకటించింది. ఒక్కో పిల్లవాడి తలకు సగటున 107 దెబ్బలు. చాలావరకు తేలికపాటివే అయినా, కొన్ని కాలేజీ ఆటగాళ్లకు తగిలే గట్టి దెబ్బలతో సమానంగా 80 జి (గురుత్వ త్వరణానికి 80 రెట్లు) దాటాయి. అలాంటి గట్టి దెబ్బల్లో ఎక్కువ భాగం తగిలింది ప్రాక్టీస్‌లో. ఏడుగురి మీద తేలినదాన్ని దేశమంతటికీ వర్తింపజేయలేం, నిజమే. కానీ కంకషన్లు మ్యాచ్‌లోనూ, గట్టి దెబ్బలు ప్రాక్టీస్‌లోనూ కనిపిస్తుంటే, వయసులు వేరన్న ఒక్క మాటతో దాన్ని దాటేయలేం. నా అనుమానం ఏమిటంటే, మ్యాచ్‌లో రిఫరీ, తల్లిదండ్రులు, అవతలి జట్టు కోచ్ చూస్తుంటారు. మంగళవారం సాయంత్రం ప్రాక్టీస్‌లో చూసేవాళ్లు తక్కువ. కళ్లు బైర్లు కమ్మాయన్న మాట ఏడేళ్లవాడు చెప్పాలంటే, అది చెప్పాల్సిన సంగతని వాడికి ముందు తెలియాలి. గాయం నమోదు కావడానికి ఎవరో ఒకరు గుర్తించాలి. సెన్సర్‌కు ఆ అవసరం లేదు.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆధ్వర్యంలో 2021లో వెలువడిన అధ్యయనం ఈ కొలతను ఇంకా ముందుకు తీసుకెళ్లింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో టాకిల్ ఆడేవాళ్లకు సీజన్‌లో తల దెబ్బల మధ్యగత సంఖ్య 378. నడుముకు కట్టిన రిబ్బను లాగితే చాలు, ఆట ఆగిపోయే ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో అది 8. ఒక్కో ప్రాక్టీస్‌లోనో మ్యాచ్‌లోనో తగిలే గట్టి దెబ్బలు టాకిల్‌లో 23 రెట్లు. ఆ వయసులో మెడ కండరాలు పలుచన, ఒంటితో పోలిస్తే తల పెద్దది, దాని మీద హెల్మెట్ బరువు అదనం.

ఈ దెబ్బలు పోగుపడి ఏళ్ల తర్వాత ఏమి చేస్తాయన్నది కోర్టుల దాకా వెళ్లిన వివాదం. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 30 ఏళ్ల లోపే మరణించిన 152 మంది ఢీకొనే క్రీడల ఆటగాళ్ల మెదళ్లను పరిశీలించి, 63 మందిలో సీటీఈ అనే మెదడు క్షీణత జాడలున్నట్టు 2023లో ప్రకటించారు. ఆ మెదళ్లు ఇచ్చినవి లక్షణాలు చూసి కలత చెందిన కుటుంబాలు. ఆడినవాళ్లందరిలో ఎందరికి వస్తుందో వీటిని బట్టి చెప్పలేం, హారమే లేదు కనుక. అలాగని కొట్టిపారేయడమూ తగదు. ఇరవైల్లోనే ఆ జబ్బు మొదలు కావచ్చన్న సంగతి తేలడమే పెద్ద విషయం.

ఏది పనిచేసింది

ఈ ఆటలో మరణాలు కొత్త కాదు. 1905లో మరణాలు పెరిగి గగ్గోలు పుట్టినప్పుడు అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. మరుసటి ఏడాదే బంతిని ముందుకు విసిరే వీలు కల్పించి గుంపు తొక్కిసలాటను పలచబరిచారు. పరిశోధకుడికి అంతకన్నా ఆసక్తికరమైనది 1970ల కథ. గట్టి ప్లాస్టిక్ హెల్మెట్, ముఖానికి కడ్డీలు వచ్చాక ఆటగాళ్లకు ధైర్యం పెరిగింది. తల వంచి నడినెత్తితో పొడవడం కోచ్‌లు నేర్పే విద్య అయింది. తల వంచినప్పుడు మెడలోని సహజమైన వంపు పోయి వెన్నుపూసలు నిటారుగా ఒకే వరుసకు వస్తాయి. నడినెత్తికి తగిలిన అదురును పంచుకునే వంపు లేక పూసలు నలిగి వెన్నుపాము దెబ్బతింటుంది. ఫిలడెల్ఫియా ఎముకల వైద్యుడు జోసెఫ్ టార్గ్ 1975లో జాతీయ నమోదు పట్టిక ప్రారంభించి ఈ తీరును బయటపెట్టాడు. 1976లో తలతో తొలి దెబ్బ కొట్టడాన్ని హైస్కూలు, కాలేజీ నియమావళులు నిషేధించాయి. ఆ ఏడాది మెడ దెబ్బతిని శాశ్వతంగా కాళ్లూచేతులూ పడిపోయినవాళ్లు 34 మంది, మరుసటి ఏడాది 18 మంది, 1984లో 5గురు. రక్షణ కోసం వచ్చిన పరికరమే ఆయుధమైతే, దాన్ని అదుపులో పెట్టింది ఒక నియమం.

ప్రాక్టీస్ విషయంలోనూ అలాగే జరిగింది. ఓక్లహోమా డ్రిల్ అని ఒకటి ఉండేది. రెండు వరుసల సంచుల మధ్య సన్నని సందు. ఇద్దరు కుర్రాళ్లు ఎదురెదురుగా వంగి నిలబడతారు, ఒకడి వెనక బంతితో మూడోవాడు. విజిల్ పడగానే ముందున్నవాణ్ణి తోసుకుని బంతివాణ్ణి పడగొట్టాలి. జట్టంతా చుట్టూ చేరి కేకలు పెడుతుంది. మ్యాచ్‌లో పక్కకు తప్పుకునే చోటుంటుంది, ఇక్కడ ఉండదు. వర్జీనియా టెక్ ఫలితాలు వచ్చిన 2012లోనే పాప్ వార్నర్ ఢీకొనే ప్రాక్టీస్‌ను మొత్తం సమయంలో మూడో వంతుకు కుదించింది. 3 గజాలకు మించిన దూరం నుంచి పూర్తి వేగంతో ముఖాముఖి ఢీకొనడాన్ని ఆపేసింది. 2016లో చిన్న విభాగాల్లో, ఆట మొదలుపెట్టడానికి బంతిని దూరంగా తన్నే కికాఫ్‌ను తీసేసింది. వృత్తి ఆటగాళ్ల లీగు ఎన్ఎఫ్ఎల్ పెద్దవాళ్లకు ఓక్లహోమా డ్రిల్‌ను నిషేధించింది 2019లో. విస్కాన్సిన్ రాష్ట్రం 2014 నుంచి హైస్కూలు జట్లకు మొదటి వారం ఢీ అసలు లేకుండా, రెండో వారం 75 నిమిషాలు, ఆపై వారానికి 60 నిమిషాలు అని గీత గీస్తే, ప్రాక్టీస్‌లో కంకషన్లు సగానికి పైగా తగ్గాయి.

ఇదే కాలంలో సరైన టాకిల్ పద్ధతిని నేర్పుతామంటూ 'హెడ్స్ అప్ ఫుట్‌బాల్' అనే శిక్షణ వచ్చింది. కంకషన్లు బాగా తగ్గాయని మొదట ప్రచారం జరిగింది. ఆ ప్రచారానికి, ప్రచురితమైన లెక్కలకు పొంతన లేదని 2016లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. కంకషన్లు తగ్గింది ఆ శిక్షణతో పాటు పాప్ వార్నర్ నియమాలు కూడా ఉన్న లీగుల్లోనే. శిక్షణ వృథా అనను. నియమం లేని శిక్షణను నమ్ముకోలేం అంటాను.

వడదెబ్బది వేరే దారి, దానికి ఢీతో పనిలేదు. 1980 నుంచి 2009 వరకు 58 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు వేడికి చనిపోయారు. ఎక్కువమంది ముందు వరుసలో నిలిచే భారీకాయులైన లైన్‌మన్లు, ఎక్కువ మరణాలు ఆగస్టు ప్రాక్టీస్‌లోనే. సగానికి పైగా ఉదయం పూట సాధనలో జరిగినవి. పొద్దున చల్లగా ఉంటుందన్న ధీమా అమెరికా ఆగ్నేయంలో చెల్లదు, అప్పుడు గాలిలో తేమ ఎక్కువ. జార్జియా 2012లో ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచిక 92 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటితే ప్రాక్టీస్ ఆపాలని నిబంధన తెచ్చింది. కుప్పకూలినవాణ్ణి ముందు మంచునీళ్ల తొట్టిలో ముంచి, ఒళ్లు చల్లబడ్డాకే అంబులెన్స్ ఎక్కించాలన్నది ఇప్పుడు వైద్యుల ఏకాభిప్రాయం.

ఏ వయసు నుంచి?

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2015లో టాకిల్‌ను తీసేయమనలేదు. తలతో కొట్టేవాళ్లను ఉపేక్షించవద్దని, ఫ్లాగ్ లీగులను పెంచాలని చెప్పింది. టాకిల్ వయసును వెనక్కి జరిపితే, ఢీకొనడం తెలియని కుర్రాళ్లు బలిష్ఠులయ్యాక ఒక్కసారిగా తలపడాల్సి వస్తుందని, అప్పుడు గాయాలు పెరగవచ్చని సందేహమూ వెలిబుచ్చింది. 12 ఏళ్ల లోపు టాకిల్‌ను ఆపే బిల్లు 2024లో కాలిఫోర్నియా శాసనసభలో వచ్చినప్పుడు గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం పెట్టనని ముందే ప్రకటించాడు, బిల్లు ఆగిపోయింది.

వైద్యుల సందేహానికి దగ్గరి జవాబు పక్క దేశం కెనడాలో, పక్క ఆటలో దొరుకుతుంది. ఐస్ హాకీలో ఒంటితో ఢీకొట్టడాన్ని క్యూబెక్ పెద్ద వయసుకు వాయిదా వేసింది, అల్బెర్టా 11 ఏళ్లకే అనుమతించింది. కాల్గరీ పరిశోధకురాలు క్యారొలిన్ ఎమెరీ బృందం రెండుచోట్లా పోల్చితే 11, 12 ఏళ్ల పిల్లల్లో గాయాలు అల్బెర్టాలో మూడింతలకు పైగా తేలాయి. అదే బృందం 13, 14 ఏళ్లవాళ్లను చూసింది. ముందు నుంచి ఢీ అలవాటున్న అల్బెర్టా పిల్లలకు మొత్తం గాయాల్లోగానీ కంకషన్లలోగానీ లాభం కనబడలేదు. వారం రోజులకు మించి ఆటకు దూరం చేసే గాయాలు మాత్రం వాళ్లలో మూడో వంతు తక్కువ. అంటే వాయిదాకు కొంత మూల్యం ఉన్నమాట నిజమే, అయితే అది తప్పించిన నష్టం కన్నా చాలా చిన్నది. 2013లో హాకీ కెనడా 11, 12 ఏళ్ల విభాగంలో ఢీని దేశమంతటా నిషేధించింది. ఫుట్‌బాల్‌లో ఇలాంటి పోలిక జరగాలంటే ముందు ఒక రాష్ట్రమైనా గీత గీయాలి. అంతవరకు ఆ గీత ఎక్కడ గీయాలో ఒక్కో ఇంట్లో తల్లిదండ్రులే, ఆగస్టులో అనుమతి పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు తేల్చుకుంటున్నారు.