గ్రామం నుంచి న్యాయ పత్రికకు: కారంచేడు, చుండూరు కేసులపై వ్యాసం రాసి పంపడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు న్యాయ నివేదికకూ, న్యాయ పరిశోధన పత్రికకూ తేడా చెప్పగలుగుతారు. స్థానిక చరిత్రలోని ఒక కేసును పరిశోధన ప్రశ్నగా మార్చగలుగుతారు. వ్రాతప్రతి సమర్పణలోని దశలను వివరించగలుగుతారు.

1. పరిచయం

గుంటూరు, ప్రకాశం మైదానం అనగానే పత్తి, మిరప, పొగాకు గుర్తొస్తాయి. న్యాయ చరిత్రలో ఈ నేలకు వేరే స్థానం ఉంది. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు 1954 జూలైలో గుంటూరులోనే ఏర్పడింది. కోకా సుబ్బారావు దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైకోర్టు హైదరాబాదుకు తరలిపోయింది. తరువాతి కాలంలో దళితుల హక్కుల చట్టంపై దేశమంతా చర్చించిన రెండు కేసులు కూడా ఈ ప్రాంతంవే. వాటిపై మీరు ఒక వ్యాసం రాయదలచుకుంటే ఏం చేయాలి?

2. న్యాయ పత్రికల నేపథ్యం

న్యాయ నివేదిక తీర్పులను అచ్చువేస్తుంది. పరిశోధన పత్రిక ఆ తీర్పులు సరైనవా, కావా అని చర్చిస్తుంది. మన దేశంలో అధికారిక తీర్పుల ప్రచురణకు 1875 నాటి చట్టం ఆధారం. 1891లో మద్రాసు న్యాయవాదులు మద్రాస్ లా జర్నల్ ప్రారంభించారు. అప్పుడు గుంటూరు ప్రాంతం మద్రాసు హైకోర్టు పరిధిలో ఉండేది. ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ 1956లో ఏర్పడగా, దాని పత్రిక 1958లో మొదలైంది. అమెరికాలో 1887లో మొదలైన హార్వర్డ్ లా రివ్యూకు విద్యార్థులే సంపాదకులు. కాబట్టి విద్యార్థి దశలో ఉన్నామని మీరు వెనుకాడనక్కరలేదు.

3. రెండు ఘటనలు, ఒక ప్రశ్న

1985 జూలై 17న కారంచేడులో దళితులపై దాడి జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఈ రెండు ఘటనల మధ్య ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 వచ్చి, 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. నేరం జరిగిన నాటికి లేని శిక్షాచట్టాన్ని తర్వాత వర్తింపజేయడం రాజ్యాంగం 20(1) అధికరణ ప్రకారం కుదరదు. అందువల్ల కారంచేడును 1989 చట్టం కింద చర్చించే వ్యాసం మొదటి పేజీలోనే తప్పుతుంది.

చుండూరు కేసు విచారణకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేశారు. 2007 జూలై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టివేసింది. అవే సాక్ష్యాలు, రెండు విరుద్ధ నిర్ణయాలు. మీ పరిశోధన ప్రశ్న ఇక్కడే ఉంది: దాడికి గురైనవారి సాక్ష్యాన్ని తూచడానికి రెండు న్యాయస్థానాలు ఏ కొలమానం వాడాయి? "చుండూరులో అన్యాయం జరిగింది" అనేది అభిప్రాయం. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం తీర్పుల పాఠం నుంచి రుజువు చేయగలిగేది.

4. వ్రాతప్రతి తయారీ, సమర్పణ

రెండు తీర్పులనూ పూర్తిగా చదవండి. పత్రికా వార్తలపై ఆధారపడకండి. ప్రతి వాక్యానికి ఆధారాన్ని పేరా సంఖ్యతో సహా పాదసూచికలో ఇవ్వండి. కె. బాలగోపాల్ 1991లోనే ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో చుండూరుపై రాశారు. అటువంటి పాత రచనలను చదివి, మీరు కొత్తగా చెప్పేదేమిటో ఉపోద్ఘాతంలో స్పష్టం చేయండి.

న్యాయ పరిశోధన పత్రికలు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి. అందువల్ల అనువాదంలో జాగ్రత్త అవసరం. కోస్తాలో "ఊరు" వేరు, "పల్లె" వేరు. పల్లె అంటే తరచు దళితవాడ. రెండింటికీ ఒకే ఇంగ్లీషు మాట వాడితే ఎవరు ఎక్కడి నుంచి ఎటు పరుగెత్తారో పాఠకుడికి అర్థం కాదు. తెలుగు మాటను అలాగే ఉంచి, అర్థం వివరించండి.

తర్వాత పత్రికను ఎంచుకోండి. దాని పరిధి, పదాల పరిమితి, ఉటంకింపు పద్ధతి చూసి వ్యాసాన్ని సరిదిద్దండి. పేరు తెలియని సమీక్ష ఉన్నచోట మీ పేరు, చిరునామా విడి కాగితంలోనే ఉండాలి. సమీక్షకులు చదివే ప్రతిలో ఉండకూడదు. అమెరికా విద్యార్థి పత్రికలకు ఒకేసారి పలుచోట్లకు పంపడం పరిపాటి. తక్కిన పత్రికల్లో చాలావరకు ఒక సమయంలో ఒకచోటికే పంపాలి. డబ్బు కడితే కొద్దిరోజుల్లో అచ్చు వేస్తామనేవారికి దూరంగా ఉండండి.

సమీక్షకులు మార్పులు కోరితే నిరుత్సాహపడకండి. ప్రతి వ్యాఖ్యకూ విడివిడిగా జవాబు రాయండి. ఒప్పుకోని చోట కారణం చెప్పండి.

5. సారాంశం

కారంచేడు, చుండూరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నాయి. జిల్లాల పేర్లు మారతాయి, సాక్షులు వృద్ధులవుతారు. నివేదికలో తీర్పు మిగులుతుంది. ఆ తీర్పు ఏ సాక్ష్యాన్ని ఎందుకు నమ్మలేదని అడిగే పని పరిశోధన వ్యాసానిది. ఆ ప్రాంతం, ఆ భాష తెలిసిన మీరు ఆ పనికి అర్హులు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. న్యాయ నివేదికకూ, పరిశోధన పత్రికకూ తేడా ఏమిటి?
2. కారంచేడు ఘటనకు 1989 చట్టం ఎందుకు వర్తించదు?
3. మీ మండలానికి చెందిన ఒక తీర్పును ఎంచుకొని, దానిపై ఒక పరిశోధన ప్రశ్నను రెండు వాక్యాల్లో రాయండి.