కృత్రిమ మేధస్సు - రోగుల చిట్టా

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున గల మేడ్చల్, శామీర్‌పేటల పేరు వినగానే నేడు చాలమందికి టీకాలు జ్ఞప్తికి వచ్చును. శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా మేడ్చల్ ప్రాంతమునకు పేరు తెచ్చినది. శామీర్‌పేట దాపున తుర్కపల్లిలో భారత్ బయోటెక్ సంస్థ కోవిడ్ కాలమున తయారుచేసిన కోవాక్సిన్ సంగతి విద్యార్థులందరు ఎరిగినదే. ఆ కర్మాగారములకు కొద్ది దూరములోనే, మేడ్చల్ మండలములోని ఘన్‌పూర్ గ్రామము కేంద్రముగా, పత్రికలలో అంతగా పేరు పడని మరియొక పని చాలకాలము నుండి సాగినది. అది చిట్టా వ్రాయు పని.

అచ్చటి మెడిసిటి వైద్యసంస్థతో సంబంధము గల షేర్ ఇండియా అను సంస్థ 1994లో 'రీచ్' అను గ్రామారోగ్య పథకమును ప్రారంభించినది. చుట్టుపట్ల గల సుమారు 40 గ్రామములలో ఇండ్లకు సంఖ్యలు వేసి, ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి వివరములు వ్రాసికొనిరి. ఏ ఇంట ఎవరు గర్భవతి, ఎవరికి కాన్పయినది, బిడ్డకు టీకా పడినదా లేదా, ఎవరు మరణించిరి - ఇవి ఆ వివరములు. ఈ పునాది మీదనే 2009-2011 సంవత్సరముల మధ్య అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయముతో కలిసి వేరొక అధ్యయనము మొదలైనది. మేడ్చల్ మండలమునకు చెందిన, 15 నుండి 35 ఏండ్ల వయస్సు గల 1,200 మందికి పైగా స్త్రీలను గర్భము దాల్చక మునుపో, దాల్చిన తొలి మాసములలోనో చేర్చుకొని, కాన్పు వరకును, అటుపిమ్మట బిడ్డల ఎదుగుదలను కూడ గమనించుచు వచ్చిరి.

ఇవి యంత్రము కొరకు వ్రాసిన చిట్టాలు కావు. అయినను, నేడు వైద్యములో ప్రవేశించిన కృత్రిమ మేధస్సును గూర్చి చెప్పవలసినచో ఇట్టి చిట్టాల వద్దనే ఆరంభింపవలెను. యంత్రమునకు స్వయముగా రోగములు తెలియవు. ఎవరో చూచి, ఎవరో వ్రాసి పెట్టినదే దాని చదువు. అట్టి వ్రాతలు రెండు విధములు: ఆసుపత్రిలో వ్రాసిన కేసు షీటు ఒకటి, ఇంటింటికి పోయి వ్రాసిన ఊరి చిట్టా మరియొకటి. ఆసుపత్రికి వచ్చినవాడే కేసు షీటుకు తెలియును. బస్సు చార్జీ లేక, ఒకనాటి కూలి పోగొట్టుకొనలేక, ఊరిలోని ఆర్.ఎం.పి. వద్ద సూదిమందు వేయించుకొని సరిపెట్టుకొన్నవాని పేరు అందులో ఉండదు. ఈ భేదము చిన్నదిగా కనిపించును. గడచిన యాబదియేండ్లకు పైబడిన చరిత్రలో వైద్యయంత్రములు చాలవరకు తడబడినది ఇచ్చటనే.

ఈ చరిత్రలో మొదట చెప్పవలసిన ఊరు ఇంగ్లండులోని లీడ్స్ నగరము. అచ్చట డి డోంబాల్ అను శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు హఠాత్తుగా కడుపునొప్పి వచ్చిన రోగుల లక్షణములను కంప్యూటరునకు అందించి, అది అపెండిసైటిస్ కావచ్చునా, పిత్తాశయపు వాపు కావచ్చునా, మరి యే ఇతర వ్యాధి కావచ్చునా అని అడుగుచుండిరి. 1972లో ప్రకటించిన ఫలితములలో 304 మంది రోగులకు గాను కంప్యూటరు నిర్ణయము నూటికి 91.8 వంతులు సరిపోయినది. అనుభవజ్ఞుడైన వైద్యుని నిర్ణయము 79.6 వంతులు సరిపోయినది. ఇదంతయు సాధారణ గణితమే: మునుపటి రోగులలో ఏ లక్షణము ఏ వ్యాధిలో ఎంతమందికి కనిపించినదో లెక్కించి, బేయీస్ సూత్రము ప్రకారము క్రొత్తరోగికి గల అవకాశములను తేల్చుట.

అదే పద్ధతిని డెన్మార్కులోని కోపెన్‌హేగన్‌లో పరీక్షించి 1976లో ఫలితములు ప్రకటించిరి. లీడ్స్‌లో కనిపించిన కచ్చితత్వము అచ్చట కనిపించలేదు. యంత్రము మారలేదు, సూత్రము మారలేదు. రోగులు మారిరి, లక్షణములను అడిగి వ్రాయు తీరు కూడ మారినది.

ఇది ఎట్లు జరుగునో తరగతిలో నల్లబల్ల మీద చేసి చూపదగిన ఒక చిన్న లెక్క వలన తెలియును. ఒక పరీక్ష 100 మంది రోగులలో 90 మందిని పట్టుకొనుననియు, 100 మంది ఆరోగ్యవంతులలో 90 మందిని ఆరోగ్యవంతులుగానే చెప్పుననియు అనుకొందము. ఈ పరీక్షను పెద్దాసుపత్రిలో 1,000 మందికి చేసినారు. వారిలో 500 మందికి నిజముగా వ్యాధి ఉన్నది. యంత్రము 450 మంది రోగులను పట్టుకొనును. ఆరోగ్యవంతులలో 50 మందిని పొరపాటున రోగులనును. అనగా అది 'రోగి' అన్న 500 మందిలో 450 మంది రోగులే. ఇప్పుడు అదే పరీక్షను ఒక గ్రామములో 1,000 మందికి చేసినారు. అచ్చట వ్యాధిగ్రస్తులు 10 మంది మాత్రమే. యంత్రము వారిలో 9 మందిని పట్టుకొనును. మిగిలిన 990 మంది ఆరోగ్యవంతులలో 99 మందిని కూడ రోగులనును. అనగా 'రోగి' అనిపించుకొన్న 108 మందిలో నిజమైన రోగులు 9 మందే, పండ్రెండుగురిలో ఒకడు! మిగిలిన పదునొకండుగురు పని మానుకొని నగరమునకు పోయి, మరల పరీక్షలు చేయించుకొని, ఏమియు లేదని తెలిసికొని తిరిగి రావలెను. ఆ 10 మంది అను సంఖ్య ఎవరికి తెలియును? ఊరి చిట్టా వ్రాసినవారికే.

లీడ్స్ ప్రయోగము జరిగిన దశకములోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో మరియొక త్రోవ తీసిరి. లెక్కలకు బదులు నిపుణుల సూత్రములను యంత్రమునకు నేర్పుట ఆ త్రోవ. షార్ట్‌లిఫ్ నిర్మించిన 'మైసిన్' అను కార్యక్రమములో ఇట్టి సూత్రములు కొన్ని వందలు ఉండెను: 'సూక్ష్మజీవి గ్రామ్ రంగు పట్టనిది, కడ్డీ ఆకారము గలది, గాలి లేనిచోట పెరుగునది అయినచో అది బాక్టిరాయిడిస్ కావచ్చును' అనునది వాటిలో ఒకటి. 1979లో ప్రకటించిన ఒక పరీక్షలో పదిమంది మెనింజైటిస్ రోగులకు మైసిన్ సూచించిన మందులను నిపుణులు చూచి, ఇతర వైద్యుల సూచనలకు అవి తీసిపోవని తేల్చిరి. అయినను మైసిన్ ఏ ఆసుపత్రిలోను నిత్యవ్యవహారమునకు రాలేదు. నిపుణుని తెలివి అంతయు సూత్రములలో ఇముడదు. చేయి తిరిగిన వైద్యుడు రోగి ముఖము చూచి గ్రహించినదానిని మాటలలో పెట్టుమన్నచో తానే తికమకపడును.

నిపుణుల తెలివిని యంత్రములో ఇమిడ్చిన ఆ పరంపరకు ఆద్యుడైన ఫైగెన్‌బామ్‌తో కలిసి 1994లో ట్యూరింగ్ పురస్కారమును పొందినవాడు తెలుగువాడు కావుట ఇచ్చట గుర్తింపదగిన విషయము. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాలరెడ్డి - లోకము ఎరిగిన పేరు రాజ్ రెడ్డి - మాటను గుర్తించు యంత్రముల నిర్మాణములో అగ్రగణ్యుడు.

సూత్రములు చెప్పకయే, ఉదాహరణములు చూపి యంత్రమునకు నేర్పు విధానము పాతదే గాని, దానికి బలము వచ్చినది 2012 తరువాత. ఆ సంవత్సరము టొరంటోకు చెందిన క్రిజెవ్‌స్కీ, సట్స్‌కెవర్, హింటన్‌లు లక్షలాది చిత్రములతో శిక్షణ పొందిన యంత్రముతో బొమ్మలను గుర్తించు పోటీలో మిగిలినవారిని చాల వెనుకకు నెట్టిరి. దీని పని తీరు స్థూలముగా ఇట్లుండును. బొమ్మను చిన్నచిన్న చుక్కలుగా విడదీసి, ప్రతి చుక్క వెలుగును ఒక అంకెగా మార్చుదురు. ఆ అంకెలను అనేక గుణకములతో హెచ్చవేసి, కూడి, పొరలు పొరలుగా లెక్క సాగించినచో చివరకు ఒక జవాబు వచ్చును. జవాబు తప్పయినచో, తప్పు తగ్గునట్లు గుణకములను రవంత జరుపుదురు. ఇట్లు లక్షలమార్లు. బొమ్మ ప్రక్కన సరియైన జవాబు వ్రాసిపెట్టిన మనుష్యుడు లేనిదే ఈ విద్య సాగదు.

ఇదే హింటన్ 2016లో, ఐదేండ్లలో, కాకున్న పదేండ్లలో, ఎక్స్‌రేలు చదువు పనిలో యంత్రము వైద్యుని మించుననియు, క్రొత్తవారికి ఆ విద్య నేర్పుట మానవలెననియు చెప్పెను. ఏండ్లు గడచినవి, రేడియాలజిస్టుల అవసరము తీరలేదు. మహాశాస్త్రజ్ఞుల జోస్యము కూడ జోస్యమే.

అయినను కంటి విషయములో జరిగిన పని మెచ్చదగినది. మధుమేహము ముదిరిన కొందరిలో కంటి వెనుక పొరయగు రెటీనాలోని రక్తనాళములు చెడి, రోగికి తెలియకుండగనే చూపు పోవును. వేళకు పట్టుకొన్నచో చాలవరకు కాపాడవచ్చును. 2016లో గూగుల్ సంస్థ పరిశోధకులు 1,28,175 రెటీనా చిత్రములతో ఒక యంత్రమునకు శిక్షణ ఇచ్చి, అది నేత్రవైద్యులతో సమానముగా ఈ జబ్బును గుర్తించినదని ప్రకటించిరి. ఆ చిత్రములలో మన దేశపు ఆసుపత్రులవి కూడ కలవు: మదురైలోని అరవింద్, చెన్నైలోని శంకర నేత్రాలయ, బెంగుళూరులోని నారాయణ నేత్రాలయ. జవాబులు వ్రాసినవారు 54 మంది వైద్యులు. ఒక్కొక్క చిత్రమును మూడు నుండి ఏడుమార్లు చూచిరి. 2018లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ శాఖ, వైద్యుడు దగ్గర లేకయే ఈ జబ్బును తేల్చు మొదటి యంత్రమునకు అనుమతి ఇచ్చినది.

హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఈ మార్గమున ముందు నడిచినది. పల్లెలలో దృష్టికేంద్రములు నెలకొల్పి, స్థానిక యువకులకే శిక్షణ ఇచ్చి కంటిపరీక్షలు చేయించుట ఆ సంస్థ పద్ధతి. 2016 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థతోను, అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియాలలోని నేత్రసంస్థలతోను కలిసి, తమ రికార్డుల ఆధారముగా పిల్లలలో హ్రస్వదృష్టి ఎట్లు పెరుగబోవునో, శస్త్రచికిత్స పిమ్మట చూపు ఎంత మెరుగుపడునో ముందుగా అంచనా వేయు పనికి పూనుకొనిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము బాలల ఆరోగ్య పరీక్షల పథకములో ఈ సాధనమును ఉపయోగింప నిశ్చయించినది.

ప్రయోగశాలలో గెలిచినది పల్లెలో కూడ గెలువవలెనను నియమము లేదు. గూగుల్ వారి కంటియంత్రమునే థాయిలాండులోని 11 చిన్న ఆసుపత్రులలో పరీక్షించిన వృత్తాంతము 2020లో వెలువడినది. మొదటి ఆరు మాసములలో నర్సులు తీసిన 1,838 చిత్రములలో నూటికి 21 వంతులను, మసకగా ఉన్నవని యంత్రము త్రోసివేసినది. గదిలో వెలుతురు ఎక్కువ, ఇంటర్నెట్ మందము, వరుసలో రోగులు. త్రోసివేయబడిన చిత్రము గల రోగి మరియొకనాడు పెద్దాసుపత్రికి పోవలెను. మనిషి మసక చిత్రమును చూచి ఏదో కొంత గ్రహించును. యంత్రము అట్లు సర్దుకొనదు. ఒక విధముగా అది దాని నిజాయితీయే, కాని ఆ నిజాయితీ ఖర్చును భరించినది రోగి.

ఇంతకంటె ఘోరమైన పొరపాటు 2019లో అమెరికాలో బయటపడినది. ఎవరికి అదనపు వైద్యసహాయము అవసరమో నిర్ణయించుటకు అచ్చట విరివిగా వాడుచుండిన ఒక సాధనమును ఓబర్‌మేయర్ బృందము పరీక్షించినది. అది రోగి జబ్బును కొలువలేదు; రోగి మీద అయిన వైద్యపు ఖర్చును కొలిచినది. నల్లజాతివారి మీద ఖర్చు తక్కువ, ఏలయనగా వారికి వైద్యము అందుటయే తక్కువ. కావున సమానముగా జబ్బుపడినను వారిని తక్కువ రోగులుగా లెక్కించినది. ఆ దోషమును సవరించినచో అదనపు సహాయము పొందువారిలో నల్లవారి పాలు 17.7 వంతుల నుండి 46.5 వంతులకు పెరుగునని తేలినది. ఇట్టి యంత్రమును ఒక తెలుగు జిల్లాకు తెచ్చి ఆసుపత్రి బిల్లులు మాత్రమే చూపినచో, బిల్లులు లేని కూలివానిని అది ఏమనును? ఆరోగ్యవంతుడనును.

కావుననే ఇచ్చటి రోగుల రికార్డులను ఇచ్చటనే కూర్చు ప్రయత్నములకు విలువ ఎక్కువ. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో 2020లో ఏర్పడిన ఇనాయ్ కేంద్రము నిమ్స్ ఆసుపత్రితో కలిసి మెదడు కణుతుల చిత్రముల భాండారమును కూర్చినది. 2024లో ప్రకటించిన ఆ భాండారములో 367 మంది రోగుల నుండి తీసిన 547 పలకల చిత్రములు కలవు. లక్షల సంఖ్యల ముందు 547 చిన్నదే. కాని ఒక్కొక్క పలక వెనుక కణుతి తీసిన శస్త్రవైద్యుడు, రంగు పట్టించిన సాంకేతికుడు, సూక్ష్మదర్శినిలో చూచి పేరు పెట్టిన వైద్యుడు కలరు.

చిట్టా విలువ పెరిగిన కొలది అది ఎవరిదను ప్రశ్న కూడ పెరుగును. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వైద్యమున కృత్రిమ మేధస్సు వినియోగమునకు నీతి నియమములు ప్రకటించినది. రోగి సమ్మతి వాటిలో ముఖ్యమైనది. అదే సంవత్సరము పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. పరిశోధన, గణాంకముల పనులకు అందులోనే కొంత మినహాయింపు కలదు. మేడ్చల్ గ్రామములలోని ఆ తల్లులు 2009-2011లో సమ్మతి తెలిపినది తమను, తమ బిడ్డలను గూర్చిన అధ్యయనమునకు; రెటీనాను చదువు యంత్రములు నాటికి ఇంకను ఈ తీరున పుట్టలేదు. ఆ బిడ్డలు ఇప్పుడు ఉన్నత పాఠశాల వయస్సులో ఉన్నారు. వారిలో పెద్దవారికి 18 ఏండ్లు నిండు దినము దగ్గరపడినది. అటుపిమ్మట తమ పుట్టుక నాటి బరువును, తల్లి రక్తపరీక్షను ఏ యంత్రమునకు చూపవచ్చునో అడుగవలసినది వారినే.